మద్దెల యోడైనప్పుడు

ఆడలేక మద్దెల యోడన్నదను సామెతను మన పెద్దలు తఱచుగ చెప్పుచుందురు. చేతగానివారు తమ చేతిలోని పనిముట్టును నిందింతురని దాని భావము. సామెత సత్యమే, మేము కాదనము. అయినను లోకమున నప్పుడప్పుడు మద్దెల నిజముగనే యోడైయుండుటయు కలదు. అట్టి సమయమున నాడునామె తాళము తప్పుటలో వింత యేమున్నది? చూచువారు మాత్రము మద్దెలను తట్టి చూడరు. ఆమెకు ఆట రాదని తీర్పు చెప్పుదురు. ఆమెయు వినివిని తనకు ఆట రాదనియే నమ్మును. మేము చాల సంవత్సరములుగ హైదరాబాదులో సాఫ్టువేరు పని చేయుచున్నవారము. ఈ వృత్తిలో మద్దెల యెట్లు ఓడగునో, దానిని తట్టి చూచు విధమెట్టిదో సోదరీమణులకు విన్నవింపవలెనను తలంపుతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఇది గృహిణుల కేల యని యెవరైన నడుగవచ్చును. 1998లో హైదరాబాదున సైబరు టవర్సు తెఱువబడినది మొదలు ఈ పని క్రమక్రమముగ మన యిండ్ల నడవలలోనికే వచ్చి కూర్చున్నది. కూతురో, కోడలో, ఆడుబిడ్డయో ఈ పనిలో నున్న కుటుంబములు మన పాఠకురాండ్రలో ననేకములు. రాత్రి భోజనములైన పిదప బిడ్డను జోకొట్టి మరల కంప్యూటరు ముందు కూర్చుండిన కోడలిని చూచి యత్తగారు, "ఏమమ్మా, ఇంకను ముగియలేదా?" యని యడుగును. "బిల్డు చెడినదండీ" యని యామె చెప్పును. ఆ మాట కర్థమేమో యింటిలో నెవ్వరికిని తెలియదు. జ్వరమన్న తెలియును, తలనొప్పి యన్న తెలియును, బిల్డు చెడుట యన నేమి? తెలియనిదానికి ఓదార్పు చెప్పుట యెట్లు? కావున మొదట దానిని చెప్పుదము.

ప్రోగ్రాము వ్రాయువారు మనుష్యులు చదువదగిన భాషలో వ్రాయుదురు. ఒక ప్రోజెక్టులో నట్టి ఫైళ్లు వందలు, వేలు నుండును. వానిని వరుసగ కంపైలరుచే యంత్రమునకు తగిన రూపమునకు మార్పించి, ఇతరులు వ్రాసి యిచ్చిన లైబ్రరీలను తెప్పించి జతపఱచి, పరీక్షలు జరిపించి, తుదకు వాడుకకు సిద్ధమైన వస్తువుగ మూటగట్టు పనికే బిల్డు అని పేరు. ఇంత పనిని దినమునకు పదిసార్లు చేతితో చేయుట యసాధ్యము గనుక దానిని నడిపించుటకు మేక్, సీమేక్, మేవెన్, గ్రేడిల్ మొదలగు సాధనములు కలవు. ఏ కంపైలరు వాడవలెను, ఏ లైబ్రరీకి ఏ వెర్షను కావలెను, అవి యెచ్చట దొరకును అను నియమముల కూర్పునకు కాన్ఫిగరేషను అని పేరు. వంటతో పోల్చి చెప్పినచో ప్రోగ్రాము దినుసు; బిల్డు వంట; ఏ పొయ్యి, ఏ గిన్నె, ఎన్ని నీళ్లు అను నిర్ణయమే కాన్ఫిగరేషను. బియ్యము మేలురకమైనను కొలపాత్ర మాఱినచో అన్నము చిమిడిపోవుట మన మందఱ మెఱిగినదే. అప్పుడు బియ్యమును తిట్టి ప్రయోజనము లేదు.

ఈ సాధనములలో మిక్కిలి ప్రసిద్ధమైన మేక్ యొక్క పుట్టుకయే యొక మద్దెల కథ. 1976లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో స్టూవర్టు ఫెల్డ్‌మన్ అను నాయన దీనిని నిర్మించెను. ఆయన తోడి యుద్యోగి స్టీవ్ జాన్సను ఒకనాడు విసుగుతో ఆయన గదిలోనికి వచ్చెను. కారణమేమన, జాన్సను తన ప్రోగ్రాములోని దోషమును ముందే దిద్దియుండెను. కాని దిద్దిన ఫైలు మరల కంపైలు కాలేదు. పాతరూపమే నడచుచుండ, సరియైన ప్రోగ్రాములో లేని తప్పును వెదకుచు ఆయన యుదయమంతయు గడపెను. అంతకు ముందటి సాయంకాలము ఫెల్డ్‌మనునకును అట్టి యిక్కట్టే కలిగియుండెను. ఇద్దఱును మాటలాడుకొనిరి, ఆ వారాంతములోనే మేక్ రూపము దాల్చెను. ఆ జాన్సను సామాన్యుడు కాడు. యాక్, లింట్ అను పేరొందిన సాధనములను వ్రాసినవాడు. అంతటి ప్రవీణునికే యోటి మద్దెల ఉదయమంతయు మ్రింగివేసినదన్నచో, క్రొత్తగ పనిలో చేరిన ఆడుపిల్లలు దానివలన దినములు పోగొట్టుకొనుటలో నాశ్చర్యమేమి? ఈ సాధనమును నిర్మించినందులకు ఫెల్డ్‌మనునకు 2003లో అసోసియేషన్ ఫర్ కంప్యూటింగ్ మెషినరీ యను విద్వత్సంఘమువారు బహుమానమిచ్చిరి.

మేక్ యొక్క సూత్రము సులభమైనది. ప్రతి ఫైలును చివరగ నెప్పుడు మార్పబడినదో చూచును. మూలము ఫలితముకంటె క్రొత్తదైనచో ఫలితమును మరల చేయించును. లేనిచో నున్నదానినే యుంచును. ఉదయము వండిన పప్పు మిగిలియుండగా మరల నెసరు పెట్టని గృహిణివలె నిది పొదుపుగ పని చేయును. కాని గడియారము నమ్మదగినదై యుండవలెను. రెండు కంప్యూటర్ల గడియారములు కలియనిచో క్రొత్తది పాతదిగను, పాతది క్రొత్తదిగను కనబడి బిల్డు తప్పుదారి పట్టును. అప్పుడు ప్రోగ్రాములో నక్షరమైన తప్పు లేకున్నను ఫలితము తప్పే.

ఇంకొక విచిత్రము గలదు. మేక్ కొఱకు వ్రాయు ఫైలులో ఆజ్ఞలుండు పంక్తులు సాధారణముగ ట్యాబు అను నక్షరముతో మొదలు కావలెను. దాని బదులు ఎనిమిది ఖాళీలు కొట్టినచో కంటికి రెండును నొక్కటిగనే కనబడును. మేక్ మాత్రము "మిస్సింగ్ సెపరేటర్" అని యాగిపోవును. ఈ నియమము మంచిది కాదని ఫెల్డ్‌మనునకు త్వరలోనే తెలిసినది. కాని యప్పటికే డజను మంది దానిని వాడుచుండిరి; వారికి శ్రమ కలిగింప నిష్టపడక ఆయన దానిని మార్చలేదు. ఆ డజను మందిపై చూపిన దయ వలన తరువాతి తరములవారు నేటివఱకు కంటికి కనబడని తప్పును వెదకుచున్నారు. మన యిండ్లలోను ఇట్టి యాచారములు లేకపోలేదు.

ఇక మా యెఱుకలోని యొక సంగతి చెప్పెదము. మా యక్కగారి కోడలు బిడ్డ పుట్టిన పిమ్మట నాలుగు సంవత్సరములు పని మానియుండి, గత సంవత్సరము మరల నొక కంపెనీలో చేరెను. మొదటి మూడు మాసములు పరీక్షాకాలము. చేరిన దినముననే యామెకొక కంప్యూటరును, ఒక ప్రోజెక్టును నిచ్చి, దీనిని బిల్డు చేసికొని పని మొదలిడుమనిరి. అయిదు దినములైనను బిల్డు కాలేదు. తోడివారి నడిగినచో, "మా కంప్యూటర్లలో చక్కగ నగుచున్నది గదా" యనిరి. పైయధికారి, "నాలుగేండ్ల విరామము గదా, చేయి తప్పియుండును" అనెను. ఆ మాటలో ద్వేషము లేకపోవచ్చును. కాని యది ములుకువలె నాటుకొనెను. ఆదివారము నాడామె మా యింటికి వచ్చినప్పుడు ముఖము వాడియుండెను. రాజీనామా లేఖ వ్రాసి యుంచుకొంటినని చెప్పెను.

"చిన్నత్తయ్యగారూ, నేను పని మఱచిపోయితినని వారనుచున్నారు. నాకును అట్లే తోచుచున్నది. పిల్లవానిని అత్తయ్యగారి మీద వదలిపోయి అచ్చట ఊరక తెర వంక చూచుచు కూర్చుండుట కంటె మానివేయుట మేలు గదండీ."

"లేఖ సంగతి తరువాత చూతము. అమ్మాయీ, ఆ ప్రోజెక్టులో నీవు వ్రాసినది ఎన్ని పంక్తులు?" అని యడిగితిమి.

"ఒక్కటియు లేదండీ. బిల్డు అయినగదా వ్రాయుటకు!"

ఆ జవాబులోనే సగము విచారణ ముగిసినది. ఒక్క పంక్తియైన వ్రాయనివారు ప్రోగ్రామును చెఱచుట యెట్లు? ఉన్నదున్నట్లు తెచ్చుకొన్న ప్రోజెక్టు బిల్డు కాలేదన్నచో దోషము ప్రోజెక్టులో నుండవలెను, లేదా యంత్రపు టమరికలో నుండవలెను. అయిదు దినములలో నీ మాట నెవ్వరును అనలేదు. ఆ పిల్లకును తోచలేదు. అవమానము మనస్సును క్రమ్మినప్పుడు ఎదుటనున్న సత్యమైనను కనబడదు.

ఆమె కంప్యూటరు తెఱచి బిల్డు నడిపించెను. మూడువందల పంక్తుల సందేశములు జలజల పాఱి, చివరకు బిల్డు విఫలమైనదని యెఱ్ఱని యక్షరములు నిలిచెను. ఆ ప్రోజెక్టులో ఏడు భాగములు కలవు. మొదటిది విఫలము, తక్కిన యాఱింటిని వదలివేసితినని సాధనము చెప్పుచుండెను. తెరపై చివర నిలుచునవి ఈ యాఱింటి పేర్లే. మేము పైకి, పైకి పోయి మొట్టమొదటి దోషమును పట్టుకొంటిమి. "ఇన్వాలిడ్ టార్గెట్ రిలీజ్: 17" అని యుండెను. ఈ ప్రోజెక్టు జావా పదునేడవ వెర్షనునకు వ్రాయబడినది, కాని నాకిచ్చిన కంపైలరునకు 17 అన నేమో తెలియదు అని దాని తాత్పర్యము.

"అది నేనును చూచితినండీ" యని యామె, జావా వెర్షను చెప్పుమను నాజ్ఞను మా యెదుటనే కొట్టి చూపెను. 17 అనియే వచ్చెను. "ఇదిగో, 17 ఉన్నది గదా! అందువలననే దోషము నాదని వారనుట."

"నీవడిగినది వీధి గుమ్మములో నున్నవారిని. వంట చేయుచున్నవారిని అడిగి చూడుము" అంటిమి.

సోదరులారా, సోదరీమణులారా, ఇచ్చటి కిటుకు గమనింపుడు. కంప్యూటరులో మన మొక సాధనము పేరు కొట్టినప్పుడు అది పాత్ అను జాబితాలోని చోట్లను వరుసగ వెదకి, మొదట కనబడినదానిని నడపును. బిల్డు చేయు మేవెన్ అట్లు కాదు. జావాహోమ్ అని వేఱొక గుఱుతు పెట్టియున్నచో ఆ గుఱుతు చూపు జావానే వాడును. రెండును వేఱువేఱు జావాలను చూపవచ్చును. మేవెన్‌ను తన వెర్షను చెప్పుమన్నచో, తాను వాడుచున్న జావా యేదో, అది యెచ్చట నున్నదో గూడ చెప్పును. అట్లడిగినంతనే జావా ఎనిమిదవ వెర్షను పేరు చెప్పెను. 2014లో వచ్చిన యా జావాకు 2021లో వచ్చిన పదునేడవదాని సంగతి యెట్లు తెలియును? కంపెనీలో మఱియొక పాత సాధనము కొఱకు అన్ని కంప్యూటర్లలోను ఆ గుఱుతు ముందే పెట్టబడియుండెను. పాతవారందఱును ఎన్నడో దానిని తమతమ యంత్రములలో మార్చుకొని మఱచిపోయిరి. వ్రాసి పెట్టినవా డొక్కడును లేడు.

గుఱుతు మార్చగానే నాలుగు భాగములు గడగడ ముగిసెను. అయిదవది మరల నాగెను. ఈ తూరి సందేశము వేఱు: ఫలాన లైబ్రరీ దొరకలేదట. అది బయటివారిది కాదు, ఆ కంపెనీవారు స్వయముగ వ్రాసికొన్నది. అందఱికిని దొరకుచున్నది యీమెకు దొరకకపోనేల? మేవెన్ తాను తెచ్చిన లైబ్రరీలను వాడువాని కంప్యూటరులోనే యొక మూల నిలువ చేయును. ఒకసారి నిలువలో పడినచో మరల సర్వరు నడుగ నవసరము లేదు. కావున, ఆ లైబ్రరీ సర్వరులో లేదనియు, పాతవారి నిలువలలో మాత్రమే కలదనియు మే మూహించితిమి. ఆ రాత్రి చేయగలిగిన దంతవఱకే. మఱునాడు తోడివారి నడుగవలసిన ప్రశ్నను మాత్రము కాగితముపై వ్రాసి యిచ్చితిమి: "ఈ లైబ్రరీ ఏ సర్వరులో నున్నది? అచ్చట లేనిచో మీ కంప్యూటరులోనికి ఎట్లు వచ్చినది?"

సోమవార మామె యట్లే యడిగెను. "నాకు చేయుట రాలేదు, సాయము చేయుడు" అని యడిగినప్పుడు జాలి చూపినవారు, ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేక ఒకరి మొగ మొకరు చూచుకొనిరట. మధ్యాహ్నమునకు సంగతి తేలినది. మూడేండ్ల క్రిందట ఒకరు ఆ లైబ్రరీని తమ యంత్రములో తయారుచేసికొని సర్వరునకు పంపుట మఱచిరి. క్రొత్తవారు వచ్చినప్పుడెల్ల పాతవారి నిలువను నకలు చేసి యిచ్చుచుండిరి. ఈమెకు మాత్ర మివ్వలేదు. ఎవరును కావలెనని చేసినది కాదు. ఇచ్చు నలవాటున్న యాయన ఆ మాసము సెలవులో నుండెను. ఆ నాలుగైదు కంప్యూటర్లు చెడియుండినచో ఆ లైబ్రరీని మరల తయారుచేయుటకు ఎన్ని దినములు పట్టెడిదో! ఈ పిల్ల యొద్దనున్న ఖాళీ యంత్రమే ఇంటి గోడలోని బీటను చూపినది. లైబ్రరీ సర్వరునకు చేరినది. ఆమె యొక పుట కాగితముపై క్రొత్తవారు మొదటి దినమున చేయవలసిన పనులన్నియు వరుసగ వ్రాసి ప్రోజెక్టులోనే యుంచినది. తరువాత చేరిన కుఱ్ఱవానికి మధ్యాహ్న భోజనము వేళకు బిల్డు అయినదట. చేయి తప్పినదన్న పెద్దమనిషి తన మాటను ఉపసంహరించుకొనలేదు, ఆమెయు నడుగలేదు. రాజీనామా లేఖ మాత్రము చించివేయబడినది.

క్రొత్తకోడలు కాపురమునకు వచ్చిన దినమున ఉప్పుడబ్బా యెచ్చట నున్నదని యడుగును. ఆ యింటివారికి ఆ ప్రశ్న విచిత్రముగ తోచును. ఏలయన వారి చేయి చీకటిలోనైనను ఆ డబ్బా మీదికే పోవును. ఉప్పు ఎచ్చట నున్నదో తెలియని పిల్లను వంట రాదనుట న్యాయమా? ప్రోజెక్టులకును ఇదే ధర్మము. నోటిమాటగ, చేతి యలవాటుగ నిలిచిన జ్ఞానము పాతవారికి కనబడదు. క్రొత్తవారి కాలికి రాయివలె తగులును. రాయి తగిలినవారిది నడక రాకపోవుట కాదు.

అట్లని ప్రతి తప్పును మద్దెలపై త్రోయుడని మేము చెప్పుట లేదు. ఎవరి దోషమో అభిప్రాయముచే గాక విచారణచే తేల్చవలెనని మా మనవి. అందులకు కొన్ని మార్గములు కలవు.

మొదటిది, మొదటి దోషమునే చూడవలెను. ఆదిలోనే హంసపాదన్నట్లు ఒక్క తప్పు మొదట పడినచో దాని వెంట నూఱు తప్పులు పుట్టును. చివరిదానిని దిద్దబోవుట వఱదలో నీటిని చెంబుతో తోడుట వంటిది.

రెండవది, ఊహింపక యంత్రమునే యడుగవలెను. నీవెవరవు, ఎచ్చటినుండి వచ్చితివి, ఏ వెర్షను? వీధి గుమ్మమున నున్నదానిని కాదు, పని చేయుచున్నదానినే యడుగవలెను. విండోసులోను, మాకింటాషులోను సాధారణముగ ఫైళ్ల పేర్లలో ఇంగ్లీషు పెద్దయక్షరమునకును చిన్నయక్షరమునకును భేదము పాటింపబడదు, లినక్సులో పాటింపబడును. ఇంట చక్కగ నైన బిల్డు ఆఫీసు సర్వరులో విఫలమగుటకు ఒక్క యక్షరము పెద్దదగుటయే చాలును. ఫోల్డరు పేరులో మాటల నడుమ నున్న ఖాళీయు కొన్ని సాధనములను తికమక పెట్టును. తన పేరును రెండు మాటలుగ వ్రాసికొన్న పాపమునకు బిల్డు చెడిన యాడుపిల్లలును లేకపోలేదు.

మూడవది, చద్దిని పాఱవేయవలెను. సీమేక్ వంటి సాధనములు మొదటిసారి కనుగొన్న కంపైలరు మొదలగువానిని ఒక ఫైలులో వ్రాసి దాచుకొనును. తరువాత మనము క్రొత్త కంపైలరును తెచ్చి పెట్టినను పాత జవాబునే నమ్ముచుండును. అట్టి తరి బిల్డు ఫలితములుండు ఫోల్డరును మాత్రము ఖాళీ చేసి మొదటినుండి చేయించినచో దోషము తఱచు విడిపోవును. మూలఫైళ్లు దానికి వేఱుగ నున్నవని చూచుకొనియే ఈ పని చేయవలెను. గిన్నె తోముటకును బియ్యము పాఱబోయుటకును భేదము కలదు గదా.

నాలుగవది, ఒక్కసారికి ఒక్కటియే మార్చవలెను. ఆవకాయ బూజు పట్టిన దన్నప్పుడు మఱుసటి యేడు జాడీని, నూనెను, ఉప్పు కొలతను నన్నిటిని మార్చినచో, ఈసారి నిలిచినను కారణము తెలియదు. నిలువకపోయినను తెలియదు. తొందరలో అయిదు అమరికలు నొక్కసారి మార్చువారు అయిదు క్రొత్త ప్రశ్నలు కొనితెచ్చుకొందురు.

అయిదవది, సగము చేయుట. నెల క్రిందట చక్కగ నైన బిల్డు నేడు కాకున్నచో, నడుమ జరిగిన మార్పులలో నేదో యొకటి కారణము. వేయి మార్పులున్నను భయము లేదు. నడిమి మార్పు కడ పరీక్షించినచో దోషము ముందరి సగములోనో వెనుకటి సగములోనో తెలియును. అట్లు సగములు చేయుచు పోయినచో పది పరీక్షలలో తేలును. గిట్ అను సాధనములో దీనికొఱకే బైసెక్టు అను నాజ్ఞ కలదు.

ఆఱవది, తేలిన సంగతిని వ్రాసి పెట్టవలెను. మేము దీనిని తుదను చెప్పితిమి గాని విలువలో నిదియే మొదటిది. వ్రాయని పరిష్కారము ఒక్కరి కష్టమును తీర్చును. వ్రాసినది తరువాత వచ్చువారందఱిది తీర్చును.

ఓటి మద్దెల యొక కంపెనీకే గాక లోకమునకెల్ల కావచ్చునని 2016 మార్చిలో జరిగిన యొక సంఘటన చూపినది. జావాస్క్రిప్టు లైబ్రరీలను పంచిపెట్టు ఎన్‌పీఎమ్ అను భాండారమునుండి లెఫ్ట్‌ప్యాడ్ అను లైబ్రరీని దాని కర్త, పేరు విషయమై వచ్చిన వివాదము కారణముగ, తీసివేసెను. అది పదునొకండు పంక్తుల పని. మాటకు ఎడమవైపున ఖాళీలు చేర్చి పొడవు సరిచేయుటే. కాని దానిని బేబెల్ అను ప్రసిద్ధ సాధనము వాడుకొనుచుండెను. దానిని వేల ప్రోజెక్టులు వాడుచుండెను. దేశదేశములలో బిల్డులు విఫలమయ్యెను. కొన్ని గంటలలో దానిని మరల భాండారములో నిలుపవలసి వచ్చెను. తరువాత తీసివేతకు నిబంధనలును బిగింపబడెను. ఆ కొన్ని గంటలలో, తనకు చేతగాలేదని తలపట్టుకొని కూర్చున్న క్రొత్తవా రెందఱుండిరో యెవ్వరెఱుగుదురు? తాము చూడని, పేరైనను వినని పదునొకండు పంక్తులు తమ పని నాపినవని వారికి తోచుట యెట్లు? అందుచేతనే జాగ్రత్త గలవారు ఏ లైబ్రరీ ఏ వెర్షనో అక్షరము తప్పక లాకుఫైలులో వ్రాసి యుంచుదురు. ముఖ్యమైనవానికి తమ యొద్ద నకలును దాచుకొందురు. డెబియన్ సంఘమువారు 2013 నుండి, ఎవరు ఎచ్చట బిల్డు చేసినను అక్షరాక్షరము నొకే ఫలితము రావలెనను దీక్షతో పని చేయుచున్నారు. ఏ చేయి కలిపినను ఒకే రుచి రావలెనను కోరిక వంటిదది. వంటలో నది సాధ్యము కాదు, ఇచ్చట చాలవఱకు సాధ్యమైనది.

సోదరీమణులారా! మీ యింటి పిల్ల రాత్రి ప్రొద్దుపోయినదాక తెర ముందు కూర్చుండి కన్నీరు తుడుచుకొనుట చూచినచో, "ఈ దిక్కుమాలిన పని మానివేయుము" అని తొందరపడి యనకుడు. ప్రేమతో నన్న మాటయే అయినను, తనకు చేతగాదను శంకకు అది బలము చేకూర్చును. ఆమె చెంత కూర్చుండి మూడు ప్రశ్నలడుగుడు. నీవు ముట్టకముందు ఇది పనిచేయుచుండెనా? మొట్టమొదటి తప్పు ఏది? చివరగ నేమి మాఱినది? వీని నడుగుటకు కంప్యూటరు విద్య రానక్కఱలేదు. జవాబు చెప్పబోయి యామె తానే దారి కనుగొనుట మేము పలుమాఱు చూచితిమి.

పనిలో నున్న చెల్లెండ్రకు మేము చెప్పున దొక్కటియే. అడుగుటకు సిగ్గుపడకుడు, అడుగునప్పుడు "నాకు రాదు" అని మొదలుపెట్టకుడు. యంత్రమేమన్నదో, మీరేమి చూచితిరో చెప్పి, కారణ మడుగుడు. మీకంటె ముందు చేరినవారు మీకంటె తెలివిగలవారని తలపకుడు. వారికి ఉప్పుడబ్బా యెచ్చట నున్నదో తెలియును, అంతియే. మీకు తెలిసిన దినమున దానిపై చీటి యంటింపుడు. మీ తరువాత వచ్చు పిల్ల ఆ చీటిని చదువుకొని తన పని తాను మొదలిడును.